మా ఊరి మట్టికట్ట: ఒక కాగితంలో ‘క్లాస్ 3’, ఇంకో కాగితంలో ‘కేటగిరీ 3’. ఏది నమ్మాలి?

కట్టకింద_ఇల్లు
మాది చిన్న టౌన్. పేరు రాయను. ఊరికి మూడు కిలోమీటర్ల ఎగువన వాగు మీద మట్టికట్ట, మూడు గేట్లు. కట్ట పొడవు రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎత్తు నలభై అడుగుల పైమాటే. 1970ల్లో కట్టారు. అప్పట్లో దాని కింద అంతా వరిపొలాలేనట. ఇప్పుడు బస్టాండు, రెండు స్కూళ్లు, సంత, మా కాలనీ అన్నీ అక్కడే.

సమస్య ఏంటంటే, ఒక కాగితంలో మా డ్యామ్‌ను ‘ప్రమాద తీవ్రత క్లాస్ 3, ఎక్కువ’ అని రాశారు. అది వాట్సాప్‌లో తిరిగేసరికి ఊరంతా టెన్షన్. మా బావ ప్లాట్ బేరం అడ్వాన్స్ దగ్గరే ఆగిపోయింది. మీటింగ్ పెట్టి అడిగితే ఒక ఆఫీసరు ఇంకో కాగితం చూపించి, "కేటగిరీ 3 అంటే చిన్న చిన్న లోపాలే, కట్ట భేషుగ్గా ఉంది, పుకార్లు నమ్మకండి" అన్నారు. రెండింట్లోనూ 3 అంకే! ఒకటి భయపెడుతోంది, ఒకటి జోకొడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

సంతలో_సైకిల్
ఆఫీసరు భేషుగ్గా ఉందన్నారంటే ఇల్లు ఖాళీ చేసే టైమొచ్చిందని మా ఊళ్లో లెక్క 😀

లెక్కల_మాస్టారు
రెండూ ఒకే సంగతిని కొలిచేవి అయ్యుండవు. జ్వరం 102, బీపీ 102 రెండూ ఒకటే అంటామా? ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన డీఈ గారు చూస్తే వివరంగా చెప్తారు.

రిటైర్డ్_డీఈ
మాస్టారు చెప్పింది నిజం. ఈ గందరగోళం మా డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరిన ఏఈలకూ (అసిస్టెంట్ ఇంజినీర్లకూ) ఉంటుంది.

ప్రమాద తీవ్రత క్లాస్ అంటే, ఆ డ్యామ్ తెగిందే అనుకుంటే దిగువన ఏం జరుగుతుందన్న లెక్క. ఎంతమంది ఉన్నారు, ఆస్తి ఎంత, రోడ్లు, ఆస్పత్రులు ఏమవుతాయి అని చూస్తారు. కేంద్ర జల సంఘం పద్ధతిలో ఇవి నాలుగు క్లాసులు. 1 అంటే తక్కువ, 4 అంటే అత్యంత తీవ్రం. కట్ట ఎంత గట్టిగా ఉందన్న ప్రశ్న ఇందులో అసలు రాదు. నిన్న కట్టిన కొత్త డ్యామ్ అయినా కింద పెద్ద ఊరుంటే దాని క్లాస్ ఎక్కువే.

కేటగిరీ అన్నది కట్ట ఆరోగ్యం. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేసి ఇస్తారు. కేటగిరీ 1 అంటే డ్యామ్ తెగిపోవడానికి దారితీసేంత లోపాలున్నాయి, తక్షణం పని మొదలుపెట్టాలి. 2 అంటే పెద్ద లోపాలు, త్వరగా మరమ్మతు చేయాలి. 3 అంటే చిన్న లోపాలు, లేదా ఏమీ లేవు.

చూశారా, రెండు అంకెలూ ఎదురెదురుగా నడుస్తాయి. ఒకదాంట్లో 1 మంచిది, ఇంకోదాంట్లో 1 చెడ్డది. మీ రెండు కాగితాలూ నిజమే కావచ్చు. తెగితే నష్టం ఎక్కువ, ప్రస్తుతానికి కట్టలో పెద్ద లోపం కనబడలేదు అని వాటి అర్థం. క్లాస్ ఎక్కువ ఉన్న డ్యామ్‌కు కేటగిరీ 3 వచ్చిందని సంతోషించి ఊరుకోకూడదు. అలాంటి దాన్నే ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

కట్టకింద_ఇల్లు
ఇంత తేలిగ్గా ఆ మీటింగ్‌లో ఒక్కరూ చెప్పలేదు సార్. ఇంకో డౌటు. కట్ట అప్పటిదే, ఎత్తు పెంచలేదు, నీళ్లు పెరగలేదు. మరి అప్పుడు లేని క్లాస్ ఇప్పుడెలా వచ్చింది?

రిటైర్డ్_డీఈ
మీ బస్టాండు, స్కూళ్లు, కాలనీ వల్ల వచ్చింది. కట్టేటప్పుడు కింద పొలాలే ఉంటే పంటనష్టం, నాలుగు మోటార్లు అని లెక్క వేస్తారు. డిజైన్ వరద, అంటే డ్యామ్ తట్టుకోవాల్సిన గరిష్ఠ వరద కూడా ఆ రోజుల్లో డ్యామ్ ఎంత పెద్దదన్న దాన్నిబట్టే ఎక్కువగా నిర్ణయించేవారు. కింద ఊరు పెరిగిన కొద్దీ అదే కట్ట మీద బాధ్యత పెరుగుతుంది. కాబట్టి దిగువన లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు నీటిపారుదల వాళ్లనూ అడగాలి. నా సర్వీసులో అలా అడిగినవాళ్లను నేను చూడలేదు.

ప్లాట్లు_అమ్మబడును
అందరూ భయపెడుతున్నారు. యాభై ఏళ్లుగా నిలబడ్డ కట్ట ఇప్పుడెందుకు తెగుతుంది? ఈ థ్రెడ్ చదివితే ఆ ఊళ్లో గజం కూడా అమ్ముడుపోదు.

పెన్నగట్టు
ప్లాట్లు అన్నా, మా మేనత్త వాళ్లది రాజంపేట వైపు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టూ ఏళ్ల తరబడి నిలబడ్డదే. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఎగువన పించా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లన్నీ వచ్చి దీని మీద పడ్డాయి. అన్నమయ్య స్పిల్‌వే (అలుగు) వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.2 లక్షల దాకా. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్నది రాజ్యసభ దాకా వెళ్లిన మాట. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు... ఆ ఊళ్లలో గజం ధర ఎవరూ అడగలేదు ఆ రోజు. మా అత్త ఇంట్లో గోడ మీద బురద గీత సీలింగ్ ఫ్యాన్ దగ్గర ఉంది. రంగు వేయించమంటే వద్దంటుంది.

ప్లాట్లు_అమ్మబడును
వాళ్ల బాధ కాదనను. కానీ అది విపరీతమైన వరద. ప్రతి కట్టనూ దాంతో పోలిస్తే ఎలా?

కడెం_కాలవ
విపరీతమైన వరదకే కదా డ్యామ్ డిజైన్ చేసేది! మామూలు వానకైతే చెరువుకట్ట చాలు.

మా కడెం ప్రాజెక్టు చూడండి. 1958 ఆగస్టులో, కొత్తగా కట్టిన రోజుల్లోనే తెగింది. కట్ట పైఅంచుకూ గరిష్ఠ నీటిమట్టానికీ మధ్య 2.4 మీటర్ల ఎడం వదిలినా, నీళ్లు కట్ట మీదుగా 46 సెంటీమీటర్ల మందాన పారాయి. 137 మీటర్ల గండి పడింది. మళ్లీ కట్టారు. 2022 జూలైలో ఐదు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, వదలగలిగేది మూడు లక్షల చిల్లర. 18 గేట్లలో ఒకటి మొరాయించింది. నీళ్లు గేట్ల మీదుగా దూకుతుంటే టీవీలో రాష్ట్రమంతా చూసింది, మేం మిద్దె మీంచి చూశాం. ఆ రాత్రి మా ఊళ్లో నిద్రపోయినవాడు లేడు.

సంతలో_సైకిల్
46 సెంటీమీటర్లంటే మోకాలి లోతు కూడా లేదు కదా, అంతదానికే గండి పడుతుందా?

రిటైర్డ్_డీఈ
పడుతుంది. కాంక్రీటు డ్యామ్ మీద నీళ్లు కాసేపు పొర్లినా తట్టుకుంటుంది. మట్టికట్ట మీద పొర్లితే వెనకవైపు వాలు కోసుకుపోవడం మొదలవుతుంది, అక్కణ్నుంచి గంటల వ్యవహారమే. అందుకే మట్టికట్టకు అలుగు సామర్థ్యం, గేట్లు ప్రాణం. కట్టకు ఏ లోపమూ లేకపోయినా ఒక్క గేటు లేవకపోతే చాలు.

ఆయకట్టు_చివరిమడి
గేట్ల గురించి నన్నడగండి. మా దగ్గర ఒక గేటు రోప్ తుప్పు పట్టి చాలాకాలమైంది. గ్రీజు కొనడానికి కూడా పైనుంచి డబ్బు రావాలట. గేట్లు, కాలువలు చూసుకునే లష్కర్లు రిటైరైన చోట కొత్తవాళ్లను వేయలేదు. ఉన్న ఒక్కాయనా ఔట్‌సోర్సింగ్, జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. వరదొస్తే అర్ధరాత్రి ఆయనొక్కడే కట్ట మీద టార్చి పట్టుకుని తిరగాలి.

గోదారి_అవతల
2024 జూలై 18న పెద్దవాగు తెగింది, అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర. ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టు రెండు రాష్ట్రాల్లో, దిగువన మా వేలేరుపాడు మండలం ఆంధ్రలో. నిర్వహణకు డబ్బు ఎవరివ్వాలన్నది ఏళ్లనాటి పేచీ. నీళ్లకు మాత్రం సరిహద్దు లేదు కదా, రాత్రికి రాత్రి మా పొలాల్లో ఇసుక మేట వేసి పోయాయి.

అనంతసాగరం
గోదారి అవతల రాసింది చదివితే ఒళ్లు జలదరించింది. మాది పోరుమామిళ్ల. మా చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, కట్టించిన చెరువది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. దోషాల్లో మొదటిది కట్టలోంచి నీరు ఊరడం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఇంకో దోషం! పన్నెండు అంగాల్లో నీటిశాస్త్రం తెలిసిన మనిషి కూడా ఒకటి. 650 ఏళ్ల కింద రాళ్ల మీద రాసిపెట్టారు.

లెక్కల_మాస్టారు
ఈ శాసనం మా స్కూల్లో గోడ మీద రాయిస్తాను.

కట్టకింద_ఇల్లు
కట్టలోంచి నీరు ఊరడం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా కట్ట కింద, పాత తూముకు ఎడమపక్క, ఎప్పుడూ తడిగా ఉండే జాగా ఒకటుంది. వేసవిలో కూడా అక్కడ జమ్ము పచ్చగా ఉంటుంది. నిరుడు వానల్లో ఎక్కువైందని ఎవరో రెండు ట్రాక్టర్ల బంకమట్టి తెచ్చి పోసి తొక్కించారు. ఇప్పుడు ఆ మట్టి కుప్పకు రెండు గజాల అవతల ఊట వస్తోంది.

రిటైర్డ్_డీఈ
ఆ పని చేయకూడదు. ఎవరు చేశారో గానీ మంచి ఉద్దేశంతోనే చేసుంటారు, అయినా ప్రమాదం.

మట్టికట్ట అన్నాక కొంత నీరు ఊరుతుంది. ఊరని మట్టికట్ట లేదు. కట్ట మధ్యలో నల్లమట్టి గుండె, రెండు పక్కలా గ్రావెల్, వెనకవైపు అడుగున రాళ్లు, ఇసుకతో ఫిల్టరు, దాని పక్కన కాలువ. ఊరిన నీరు మట్టిని వెంట తీసుకుపోకుండా బయటికొచ్చే దారి అది. మనం బంకమట్టితో ఆ నోరు మూస్తే నీరు ఆగదు, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట పొడుచుకొస్తుంది. మీ దగ్గర జరిగింది అదేనేమోనని నా అనుమానం. చూడకుండా తేల్చి చెప్పలేను.

చేయాల్సింది దానికి తలకిందులు. నీటిని రానివ్వాలి, మట్టిని ఆపాలి. ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు. దీన్ని కూడా ఇంజినీరు దగ్గరుండి చేయించాలి, ఊళ్లోవాళ్లు సొంతంగా చేసేది కాదు. ఊట ఇసుకను పైకి కక్కుతూ బుడగలా ఉబుకుతుంటే చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీటిని కొంత ఎత్తుకు నిలబెడతారు. అది ఎమర్జెన్సీ పద్ధతి.

మీరు చేయగలిగింది ఒకటుంది. తెల్ల గాజు సీసా తీసుకోండి. ఊట నీరు పట్టి కదపకుండా ఒక పూట పెట్టండి. అడుగున ఏమీ లేకపోతే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. సన్నటి మట్టి పొర పేరుకుంటే కట్ట లోపల కోత మొదలైందని గుర్తు, వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి. సీసా మీద తేదీ, ఆ రోజు రిజర్వాయర్ నీటిమట్టం రాయండి. మట్టం మారకుండా ఊట పెరిగినా ప్రమాదమే.

నీరటి_మనవరాలు
మా తాత ఇదే చేసేవాడు, సీసా బదులు ఇత్తడి చెంబు. కట్టమైసమ్మకు దండం పెట్టి కట్ట పొడుగునా వట్టి కాళ్లతో నడిచేవాడు. చెప్పులు వేసుకుంటే తడి తెలియదనేవాడు. ఎలుక బొక్క కనబడితే అక్కడే కూర్చుని పలుగుతో తవ్వి, మట్టి వేసి దిమ్మిస కొట్టాకే ఇంటికి. ఇప్పుడు సెన్సర్లు అంటున్నారు, నడిచే మనిషి ఏడీ?

సర్వే_చైను
అక్కా, గౌరవంతోనే చెప్తున్నా, పాదాలకు కట్ట లోపలి నీటి ఒత్తిడి తెలియదు. దానికి పీజోమీటర్లు ఉండాల్సిందే. తాతల కాలాన్ని పొగుడుకుంటూ కూర్చుంటే కుదరదు.

నీరటి_మనవరాలు
మీ పీజోమీటర్ రీడింగ్ తీసుకోవడానికైనా మనిషి కట్ట మీదికి రావాలి కదా తమ్ముడూ. మా దగ్గర పెట్టిన గొట్టాలకు మూతలు కూడా పోయాయి, పిల్లలు రాళ్లు వేసి ఆడుకుంటున్నారు.

రిటైర్డ్_డీఈ
ఇద్దరిదీ నిజమే. ఊట కొలిచే వీ నాచ్‌లు, పీజోమీటర్లు కావాలి. అవి చెప్పనివి మనిషి కంటికి కనబడతాయి. చెట్లు కూడా చూడండి. కట్ట మీద తుమ్మచెట్లు, వేపచెట్లు నీడగా బాగుంటాయి. చెట్టు చచ్చాక వేరు కుళ్లి కట్టలో గొట్టం మిగులుతుంది. పొదలుంటే పగులు, ఊట, బొరియ ఏదీ కనబడదు. పెద్ద చెట్టును మొదలంటా పీకి వదిలేసినా ప్రమాదమే, ఆ గుంటను పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టాలి.

ఆయకట్టు_చివరిమడి
రివిట్‌మెంట్ రాళ్లు (కట్ట వాలు కోసుకుపోకుండా పరిచేవి) ఎత్తుకుపోయి ఇంటి పునాదుల్లో వేసుకున్నవాళ్ల సంగతి కూడా రాయండి సార్. మా ఊళ్లో ఆ ఇళ్లన్నీ కట్ట కిందే ఉన్నాయి.

సంతలో_సైకిల్
మహారాష్ట్రలో 2019లో తివరే డ్యామ్ తెగితే ఒక మంత్రి పీతలు తొలిచాయన్నాడు. పీతల్ని పట్టుకొచ్చి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి నిరసన చేశారు జనం.

ఓటు_నాది
మేడిగడ్డ సంగతి ఎవరూ ఎత్తరేం? 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి కదా. ఎవరి హయాంలో

మోడరేటర్
మేడిగడ్డ బ్యారేజీకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే రెండు పార్టీలవారు నిండుగా ఉన్నారు. ఇక్కడ మట్టికట్టల గురించే.

మిషిగన్_మంచు
మేముండే అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగింది చెప్తాను. ఇక్కడ కూడా ప్రమాద తీవ్రత వేరు, కట్ట పరిస్థితి వేరు. తీవ్రత మూడు మెట్లు. దేశంలోని డ్యామ్‌ల జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఈడెన్‌విల్ మట్టి డ్యామ్ ఎక్కువ తీవ్రత కిందే ఉండేది. స్పిల్‌వే చాలదని 2018లో కేంద్ర సంస్థ దాని జలవిద్యుత్ లైసెన్సు రద్దు చేసింది. అదే ఏడాది రాష్ట్ర తనిఖీలో కట్ట పరిస్థితి ‘ఫర్వాలేదు’ అని వచ్చింది. 2020 మే 19న తెగింది. కింద శాన్‌ఫర్డ్ డ్యామ్ కూడా పోయింది. దిగువనున్న మిడ్‌ల్యాండ్ ఊళ్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, కరోనా రోజుల్లో మాస్కులు వేసుకుని షెల్టర్లకు వెళ్లారు. మొత్తం పదివేల మందిని ఖాళీ చేయించారు. ఒక్క ప్రాణం పోలేదు.

ప్లాట్లు_అమ్మబడును
అంటే ‘ఫర్వాలేదు’ అని రాసిన డ్యామ్ కూడా తెగింది. ఇంక ఈ కేటగిరీలు దేనికి?

మిషిగన్_మంచు
అంకెను చూసి నిద్రపోవడానికి కాదండి. పదివేల మంది బతికింది ముందే ఖాళీ చేయించినందువల్ల. ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ వీధి మునుగుతుంది అన్నది తీవ్రత ఎక్కువని రాసినందుకే ముందు సిద్ధం చేస్తారు.

పెన్నగట్టు
అదే మాకు లేనిది. చెయ్యేరు ఒడ్డున సైరన్ మోగి ఉంటే, చీకట్లో ఎటు పరిగెత్తాలో ముందే చెప్పి ఉంటే ఎంతమంది మిగిలేవాళ్లో.

రిటైర్డ్_డీఈ
మన దేశంలోనూ జరిగింది. 2022 ఆగస్టులో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో కారం డ్యామ్, కడుతున్న మట్టికట్ట, లీకైంది. దిగువ ఊళ్లు ఖాళీ చేయించి, పక్కనుంచి కాలువ తవ్వి నీళ్లు వదిలేశారు. కాంట్రాక్టు మీద ఎన్నో విమర్శలున్నాయి, ప్రాణాలు మాత్రం దక్కాయి.

వకీలు_గుమాస్తా
చట్టం సంగతి. డ్యామ్ భద్రతా చట్టం 2021, అమల్లోకి వచ్చింది 2021 డిసెంబరు 30న. 15 మీటర్లు దాటిన డ్యామ్‌లన్నీ దీని కిందికి వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవి కొన్ని షరతుల్లో ఏదో ఒకటి ఉంటే వస్తాయి: కట్ట పొడవు 500 మీటర్లకు తగ్గకపోవడం, నిల్వ పది లక్షల ఘనపు మీటర్లకు తగ్గకపోవడం లాంటివి. కట్టకింద గారి డ్యామ్ నలభై అడుగులంటే 12 మీటర్లు, పొడవు రెండు కిలోమీటర్లు. వచ్చినట్టే.

వచ్చాక ఏటా వానలకు ముందు, తర్వాత తనిఖీ తప్పనిసరి. పెద్ద వరదొచ్చినా, కట్టలో తేడా కనబడినా మళ్లీ చూడాలి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, సమగ్ర భద్రతా మూల్యాంకనం చట్టం వచ్చిన ఐదేళ్లలోపు, అంటే 2026 డిసెంబరు లోగా చేయాలి. ఆదేశాలు పాటించకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. దానివల్ల ప్రాణాలు పోతే రెండేళ్ల దాకా.

నీరటి_మనవరాలు
పది మీటర్లకు తక్కువున్న చెరువుల సంగతి? మా చెరువు తెగినా మా వాడ మునుగుతుంది.

వకీలు_గుమాస్తా
ఈ చట్టం కిందికి రావమ్మా. అది పెద్ద లోటే.

అనంతసాగరం
లోటని ఒక్కమాటలో అనేస్తే ఎలా? రాయలసీమ, తెలంగాణ ఊళ్లలో చాలా చెరువు కట్టల కిందే ఉన్నాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందివన్నీ వరసగా తెగుతాయి. అంకె దాటలేదని పట్టించుకోకపోతే శాసనం చెక్కిన కాలం కన్నా వెనక్కి పోయినట్టే.

కట్టకింద_ఇల్లు
అందరికీ రుణపడి ఉంటాను. మా కాలనీలో పదిమందిమి కూర్చున్నాం. సమాచార హక్కు కింద అడిగేవి ఇవి: రెండు తనిఖీల పూర్తి రిపోర్టులు (కేటగిరీ అంకె ఒక్కటే కాదు), తెగితే ఎక్కడిదాకా మునుగుతుందో చూపించే మ్యాపు, అత్యవసర ప్రణాళిక ఉందా లేదా, పాత తూము పక్క ఊట గురించి రిపోర్టులో ఏం రాశారు. మా బావ కూడా సంతకం పెడతానన్నాడు. ప్లాటు అమ్మడం సంగతి తర్వాత చూద్దామన్నాడు.

వకీలు_గుమాస్తా
తెలుగులోనే రాయండి, చెల్లుతుంది. మామూలుగా 30 రోజుల గడువు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. ఊట పెరుగుతోందని ఫొటోలు జతచేసి ఆ నిబంధన కిందే అడగండి. ఒప్పుకోకపోయినా ఫైల్లో నమోదవుతుంది.

ప్లాట్లు_అమ్మబడును
మునిగే మ్యాపు వస్తే ఇక్కడ కూడా పెట్టండి. మేమూ చూసుకోవాలి.

రిటైర్డ్_డీఈ
ఒకటి కలపండి. గేట్లు చివరిసారి పూర్తిగా ఎత్తి దించిన తేదీ అడగండి. కరెంటు లేకుండా జనరేటర్ మీద ఎత్తారా, జనరేటర్ కూడా లేకుండా చేత్తో తిప్పి ఎత్తారా అన్నది విడిగా అడగండి. వరద రాత్రి ముందు పోయేది కరెంటే.

ఆయకట్టు_చివరిమడి
గ్రీజు ఎప్పుడు పెట్టారో కూడా!

కట్టకింద_ఇల్లు
రెండూ కలిపాను. సీసా మొదటిది ఈ సాయంత్రం పట్టాం. నీళ్లు తేటగానే ఉన్నాయి, పొద్దున చూసి ఫొటో పెడతాను.